ఇంకా తాళం మార్చలేదా

రెండో చుక్క గురి తప్పి చెంప మీదికి జారింది.

"కంట్లో వెయ్యమంటే చెవిలో పోస్తావేంటే?" అంది అక్క, కుర్చీలో తల వెనక్కి వాల్చుకునే.

"రెప్ప కొట్టకుండా ఉంటే సరిగ్గానే పడుతుంది. నోరు మూసి కన్ను తెరువు."

"నాకెప్పుడూ అదే తిరగబడుతుంది. కన్ను మూసి నోరు తెరుస్తాను."

పిచ్చుక నవ్వుతూ మెత్తటి గుడ్డముక్కతో అక్క చెంప తుడిచి, ఎడమ కంట్లో ఇంకో చుక్క వేసింది. ఈసారి సూటిగా పడింది. మందు లోపలికంటా దిగాలని అక్క కాసేపు కదలకుండా కూర్చుంది.

"ఇవాళ కొంచెం వెలుతురు తగిలినట్టుందే," అంది. రోజూ అదే మాట.

"ఊఁ," అంది పిచ్చుక, సీసా మూత బిగిస్తూ. అదీ రోజూ ఉండేదే.

ఆ చుక్కలు కన్ను ఎండిపోయి మండకుండా ఉండడానికి వేసేవి. అంతకు మించి వాటివల్ల ఒరిగేదేమీ లేదు. ఆ సంగతి ఆ ఇంట్లో ఉన్న ఇద్దరిలో ఒక్కరికే తెలుసు.

పిచ్చుక అన్నది చెల్లెలికి అక్క పెట్టిన పేరు. చిన్నప్పుడు ఎప్పుడు చూసినా కిటికీ గట్టెక్కి వీధిలోకి చూస్తూ కూర్చునేదని అలా పిలిచింది. "పిచ్చుకన్నాక కాస్త అరవాలి కదే, నాకేంటి ఈ మూగ పిచ్చుక దొరికింది?" అని ఏడిపించేది కూడా. ఇప్పుడా కిటికీ ముందు కుట్టుమిషను ఉంది. కింద వీధి మలుపులో ఉన్న బట్టల దుకాణంవాళ్ళు ప్యాంట్లు పంపుతారు. పొడుగు తగ్గించడం, నడుము వదులు చెయ్యడం, పాడైన జిప్పు విప్పి కొత్తది వెయ్యడం పిచ్చుక పని. మొదట ఆ ప్యాంటు కుట్టిన మనిషికి కూడా ఎక్కడ తగ్గించారో తెలియనంత నున్నగా చేస్తుందని దుకాణంలో పేరుంది.

అక్క ఒక పెద్ద కంపెనీలో టెలిఫోన్ ఆపరేటరుగా చేసింది. "ఒక్క క్షణం లైన్లో ఉండండి" అని ఆమె అంటే, కోపంతో ఊగిపోతూ ఫోన్ చేసినవాళ్ళు కూడా బుద్ధిగా ఉండేవారు. ఎవరైనా అబద్ధం చెప్పబోతుంటే, మాటకు ముందు తీసుకునే ఊపిరిలోనే పట్టేసేది. "మేనేజరుగారు ఊళ్ళో లేరండీ" అనబోయే గుమాస్తాను "సరే, ఏ ఊళ్ళో లేరంటారు?" అని అడిగి నీళ్ళు నమిలించేది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ గొంతులన్నీ పలికించి చూపిస్తుంటే పిచ్చుక పొట్ట పట్టుకుని నవ్వేది.

తర్వాత కళ్ళలో ఒత్తిడి పెరిగింది. ముందు కుడి కన్ను పోయింది. ఆపరేషన్ చేశాక ఎడమదీ దాని దారే పట్టింది. డాక్టరు పిచ్చుకను వరండాలోకి పిలిచి, గొంతు తగ్గించి చెప్పాడు. "ఇక చేసేదేమీ లేదమ్మా. రెండూ అంతే. కర్ర పట్టుకుని నడవడం అలవాటు చేయించండి. ఎంత తొందరగా మొదలుపెడితే ఆవిడకి అంత మంచిది."

గదిలోకి వచ్చేసరికి అడుగుల చప్పుడు వైపు అక్క ముఖం తిప్పింది. ఆ ముఖం చూసి పిచ్చుక డాక్టరు మాట మింగేసింది.

"ఏమన్నాడే?"

"కుడిది కష్టమట. ఎడమదానికి టైం పడుతుందట."

ఊపిరిలోనే అబద్ధాన్ని పట్టే మనిషి ఆ రోజు పట్టలేదు. పట్టుకోవాలని లేదేమో. ఆసుపత్రివాళ్ళిచ్చిన మడత కర్రను, పాలిథిన్ కవరు కూడా విప్పకుండా, తలుపు వెనక మేకుకు తగిలించమంది. "టైం పడుతుందన్నాడు కదా. చూపొచ్చాక ఎవరికైనా ఇచ్చేద్దాం, కొత్తది కొత్తగానే ఉండనీ," అంది. ఆ తర్వాత ఎప్పుడు మెట్లు దిగినా పిచ్చుక మోచెయ్యి పట్టుకునే దిగింది. ఒంటరిగా గడప దాటింది లేదు.

అయినా ఇంటికొచ్చిన కొత్తలో అక్క తిండి సరిగ్గా తినలేదు, మాట్లాడలేదు. గోడవైపు తిరిగి పడుకునేది. ఏం చెయ్యాలో తోచక పిచ్చుక ఒక నవల తీసి పైకి చదవడం మొదలుపెట్టింది. అక్క కొని, కళ్ళు పోవడంతో చదవకుండా వదిలేసిన పుస్తకం అది. పేరు "పార్సిల్ ఆఫీసు". రైల్వే స్టేషన్లో పార్సిల్ గుమాస్తాగా పనిచేసే ఒకావిడ, ఆమె తమ్ముడు. ఇద్దరికీ మాటా మాటా పెరుగుతుంది. "వెళ్ళు, ఇంటి తాళం మార్చేస్తాను, మళ్ళీ ఈ గుమ్మం తొక్కకు" అంటుంది ఆవిడ. తమ్ముడు వెళ్ళిపోతాడు. ఇక పుస్తకమంతా ఆవిడ ఎదురుచూపే.

చదవగా చదవగా అక్క ఇటు తిరిగింది. తర్వాత లేచి కూర్చుంది. తర్వాత "ఆ గుమాస్తాది నా నోరేనే, నా నోరే" అని మొదటిసారి నవ్వింది. చివరి పేజీకి వచ్చేసరికి పిచ్చుక కళ్ళు ముందే పరుగెత్తి ఆ నాలుగు పేరాలూ చదివేశాయి. తమ్ముడు రాడు. అతని ట్రంకు పెట్టె ఒక్కటే పార్సిలుగా వస్తుంది. అందవలసినవాళ్ళ పేరు దగ్గర "మృతుని బంధువులకు" అని ఉంటుంది. ఆవిడ అన్ని పార్సిళ్ళకూ చేసినట్టే దానికీ సంతకం చేసి, కిటికీ మూస్తుంది.

పిచ్చుక తలెత్తి చూసింది. అక్క చుబుకం ముందుకు పెట్టి, ఊపిరి బిగబట్టి వింటోంది. చేతిలో ప్యాంటు ఉంటే ఎక్కడ మడవాలో పిచ్చుక వేళ్ళకు తెలుసు. అప్పుడూ అలాగే తెలిసింది. పేజీలో లేకపోయినా, రైలు ఆఖరి పెట్టెలోంచి తమ్ముణ్ణి దింపింది. భుజం మీద ట్రంకు పెట్టె పెట్టింది. క్షమించమని అడిగించకుండా, ఇంటి గుమ్మం ముందు నిలబెట్టి, "ఇంకా తాళం మార్చలేదా?" అనిపించింది.

అక్క ఏడ్చింది. ఆ పూట కడుపునిండా తింది.

అలా మొదలైంది. ఆ తర్వాత ఏ నవల చివర మనిషి కూలిపోయినా, పిచ్చుక చేతిలో లేచి నిలబడేవాడు. అన్నిటికీ కాదు, కానీ చాలావాటికి అలా జరిగింది. ఏవి ఉన్నవి, ఏవి తను కుట్టినవి అన్నది రానురాను ఆమెకే కలగాపులగమైంది.

అక్కకు నవలల పిచ్చి ముదిరి, ఫోన్లో పాఠకుల గుంపులో చేరింది. గుంపు పేరు "కిటికీ పక్క సీటు". రాయనక్కర్లేదు, మాట్లాడి పంపొచ్చు. ఆ గొంతు విన్న మర్నాటి నుంచే ఆమె అందరికీ "ఆపరేటరమ్మ" అయింది. గుంపును నడిపేది రిటైరైన లెక్కల మాస్టారు. ప్రతిదానికీ అడ్డం తిరిగేది బేకరీ బాబాయ్, పొయ్యిల దగ్గర నిలబడి పుస్తకాలు చదువుతాడు. డ్యూటీ మధ్యలో గుసగుసగా మాట్లాడి పంపేది నర్సమ్మ. ఎవరూ ఎవర్నీ చూసింది లేదు.

అక్కడ ఒకటే నియమం. ముగింపు చెప్పకూడదు. చెబితే వారం రోజులు నోరు కట్టేసుకోవాలి. బేకరీ బాబాయ్ నెలలో సగం రోజులు ఆ శిక్షలోనే ఉండేవాడు. ఆ నియమం చాటునే పిచ్చుక ఇన్నాళ్ళూ నిశ్చింతగా ఉంది. ఎవరైనా ఒక నవలను "గుండె బరువెక్కింది" అంటే, అక్క "చివరిదాకా చదవండి, తేలికవుతుంది" అని పంపేది. వాళ్ళు దాన్ని ఏదో పెద్ద మాట అనుకుని మెచ్చుకునేవారు.

చుక్క గురి తప్పిన ఆ రోజు, మందు వేశాక ఫోన్ మోగింది. మాస్టారి గొంతు. "మిత్రులారా, మన గుంపు పుట్టినరోజు వస్తోంది. ఆదివారం మధ్యాహ్నం అందరం ఒకేసారి లైన్లోకి వద్దాం. ఆ ఒక్క పూటకీ నియమం రద్దు. ఎవరికి బాగా నచ్చిన ముగింపు గురించి వాళ్ళు మాట్లాడాలి. బేకరీవారూ, మీ పండగే!"

అక్క చప్పట్లు కొట్టింది. "నాది చెప్పక్కర్లేదు కదా. 'పార్సిల్ ఆఫీసు'!"

మిషను సూది దారం తెంపుకుంది. పిచ్చుక మళ్ళీ ఎక్కిస్తూ, "అది పాతదైపోయిందక్కా. మొన్న చదివామే, ఇద్దరు డాక్టర్ల కథ, అది చెప్పు. పెళ్ళితో అయిపోతుంది," అంది. ఆ ముగింపును మాత్రం పిచ్చుక ముట్టుకోలేదు.

"పెళ్ళితో అయిపోయేవి ముగింపులా? అవి మొదళ్ళు. నువ్వు కుట్టుకో."

రెండు రోజులు పిచ్చుక చుక్కల సీసా పట్టుకున్నప్పుడల్లా చెప్పాలనుకుంది. కన్ను పైకెత్తి నమ్మకంగా కూర్చున్న ముఖం మీద ఆ మాట ఎలా వెయ్యాలో తెలియలేదు. ఒక్క నవల సంగతి బయటపడితే, దాని వెనకాల ఉన్నది కూడా దారం లాగినట్టు వచ్చేస్తుందని ఆమె భయం. మూడో రోజు తెగించి మాస్టారికి విడిగా రాసి పంపింది. అక్కకు గొంతు పాడైందని, ఆదివారం మాట్లాడలేదని.

మాస్టారు మంచి మనిషి. అదే కొంప ముంచింది. సాయంత్రానికి గుంపులో అందరూ వినేలా, "ఆపరేటరమ్మా, గొంతు పాడైందట. గోరువెచ్చని నీళ్ళు తాగండి. అవసరమైతే ఆదివారాన్ని వాయిదా వేద్దాం" అని పంపారు.

"నా గొంతుకేమొచ్చిందే?" అంది అక్క.

"పొద్దున తుమ్మావు కదా."

"తుమ్మితే ముక్కు పాడవుతుంది గానీ గొంతెందుకు పాడవుతుంది?" అక్క నవ్వేసింది. "నాకు తెలుసులే. అందరూ నన్ను పొగుడుతుంటే నీకు కుళ్ళు. చదివేది నువ్వు, పేరొచ్చేది నాకు. ఆదివారం నీ పేరు కూడా చెబుతానులే, ఏడవకు." వెంటనే ఫోన్ తీసి, గొంతు సవరించుకుని, అచ్చం ఆఫీసులోలా పంపింది. "మాస్టారూ, లైన్ క్లియర్‌గా ఉంది. మాట్లాడొచ్చు."

ఆదివారం ఇస్త్రీ బల్ల మీద ఫోన్ పెట్టుకుని అక్క దాని ఎదురుగా కూర్చుంది. తల దువ్వించుకుంది, ఎవరూ చూడరని తెలిసినా. పిచ్చుక కిటికీ దగ్గర ఒక పాత జిప్పు కుట్లు బ్లేడుతో విప్పుతోంది. బేకరీ బాబాయ్ ముందుగా అందుకుని, ఇన్నాళ్ళ కసి తీరేలా ముగింపు మీద ముగింపు చెప్పేశాడు. అందరూ నవ్వారు. తర్వాత మాస్టారు, "ఇక మన ఆపరేటరమ్మ," అన్నారు.

"ముందు ఒక మాట," అంది అక్క. "ఇవన్నీ నాకు చదివిపెట్టేది మా చెల్లెలు. అది లేకపోతే నేను లేను. సరే, పుస్తకం 'పార్సిల్ ఆఫీసు'. చివరి బండి వస్తుంది. అందరూ దిగిపోతారు. ఆవిడ కిటికీ మూసేయబోతుంటే ఆఖరి పెట్టెలోంచి తమ్ముడు దిగుతాడు. ఏమంటాడు? కాళ్ళ మీద పడడు, ఏడవడు. ఇంటి గుమ్మం ముందు నిలబడి, 'ఇంకా తాళం మార్చలేదా?' అంటాడు. అంతే! అన్నేళ్ళ కోపం ఆ ఒక్క ముక్కతో పోయింది. ఆ మాట రాసినవాళ్ళు మనిషిని మధ్యలో వదిలెయ్యరండీ. ఆ మాట పట్టుకునే నేను ఈ చీకట్లో ఇన్నాళ్ళు కూర్చోగలిగాను."

ఫోన్లోంచి ఎవరో పేజీలు తిప్పుతున్న చప్పుడు వచ్చింది.

"ఆపరేటరమ్మా," అన్నాడు బేకరీ బాబాయ్ చివరికి. వాదించేటప్పటి గొంతు కాదది. "మీరు వేరే పుస్తకంతో కలిపేసుకున్నట్టున్నారు. ఇందులో తమ్ముడు రాడు కదమ్మా. పెట్టె ఒక్కటే వస్తుంది."

"పొయ్యి వేడికి మీ పేజీలు అంటుకుపోయి ఉంటాయి బాబాయ్! మళ్ళీ చదవండి."

"లేదమ్మా," అన్నారు మాస్టారు మెల్లగా. "ఆయన చెప్పిందే నిజం. పుస్తకం నా ఒళ్ళోనే ఉంది."

"కానీ ఆ మాట ఎంత బాగుందక్కా," అంది నర్సమ్మ. "పుస్తకంలో ఉండాల్సింది."

బ్లేడు ఆగిపోయింది. అది ఆగిన చోటికి అక్క ముఖం తిరిగింది. తర్వాత ఫోన్ వైపు వంగి, ఏ వణుకూ లేని గొంతుతో, "నేనే ఎక్కడో కలిపేసుకుని ఉంటాను. వయసైపోతోంది. ఒక్క క్షణం లైన్లో ఉండండి," అంది. వేలితో తడిమి ఫోన్ ఆపేసింది.

"ఎన్నిటికి చేశావు?"

పిచ్చుక బ్లేడును మిషను మీద పెట్టింది.

"ప్యాంట్లు కురచ చేసీ చేసీ చెయ్యి ఊరుకోలేదా?"

"నువ్వప్పుడు తినేదానివి కాదక్కా. మాట్లాడేదానివి కాదు. నాకు..."

"పుస్తకం తియ్యి. చివరి పేజీ చదువు."

పిచ్చుక తీసింది. "బండి ప్లాట్‌ఫారం మీద ఆగింది" అని మొదలుపెట్టి ఒక వాక్యం పూర్తి చేసిందో లేదో, అక్క చెయ్యెత్తింది.

"వద్దులే. ఇప్పుడు నువ్వు చదివేది అందులో ఉందో లేదో నాకెలా తెలుస్తుంది?"

ఆ మాటలో కోపం లేదు. నిజంగానే అడిగింది. పిచ్చుక పుస్తకం మూసింది.

అక్క ఫోన్ తీసి నర్సమ్మకు విడిగా మాట్లాడి పంపింది. వీలున్నప్పుడు ఆ చివరి పేజీ చదివి పంపమంది. సాయంత్రం అది వచ్చింది. వెనకాల ఎక్కడో ట్రాలీ చక్రాల చప్పుడు, ఎవరో ఎవర్నో పిలుస్తున్నారు. వాటి మధ్య నర్సమ్మ గబగబా, తడబడుతూ చదివింది. పెట్టె వచ్చింది. ఆవిడ సంతకం చేసింది. కిటికీ మూసింది. అక్క ముందుకు వంగి, అది మళ్ళీ పెట్టుకుని వింది. ఆ తర్వాత మళ్ళీ.

"చాలా మంచి పుస్తకం," అంది చివరికి. "ఆ సంతకం పెట్టడం... ఎంత మంచి పుస్తకమే! దాన్నెందుకు నాకు లేకుండా చేశావు?"

"నువ్వు తట్టుకోలేవనుకున్నాను."

"ఆవిడ తట్టుకుంది కదా."

గదిలో వెలుతురు తగ్గుతోంది. దీపం వేస్తే ఒక్కదానికే వేసుకున్నట్టుంటుందని పిచ్చుక వెయ్యలేదు. పై అంతస్తులో ఎవరో కుర్చీ జరుపుకున్నారు. అక్క చాలాసేపు తన అరచేతులు ఒకదానిమీద ఒకటి పెట్టుకుని కూర్చుంది. తర్వాత వాతావరణం గురించి అడిగినంత మామూలుగా అడిగింది.

"డాక్టరు నిన్ను వరండాలోకి పిలిచాడు. నాకు వినిపించింది, తలుపు వేసిన చప్పుడు. లోపలికొచ్చి నువ్వు నాకు చెప్పింది... అది కూడా నువ్వు కుట్టిందేనా?"

కాదని చెప్పడానికి పిచ్చుక ఊపిరి తీసుకుంది.

"చాల్లే," అంది అక్క. "వినిపించింది."

రాత్రయింది. పెట్టిన కంచం పెట్టినట్టే ఉంది. ఫోన్ రెండుసార్లు మోగింది. మాస్టారు, "మీ గొంతు లేకపోతే గుంపు బోసిగా ఉందమ్మా, ముగింపు ఏదైతేనేం" అని పంపారు. అక్క అది సగంలోనే ఆపేసింది.

తెల్లవారాక పిచ్చుక ఎప్పటిలాగే గుడ్డముక్క, చుక్కల సీసా పట్టుకుని వచ్చింది. అలవాటు కొద్దీ మూత తీసేసింది. అక్క అప్పటికే స్నానం చేసి ఉంది. బయటికి వెళ్ళే బట్టలు వేసుకుంది. జాకెట్టు గుండీల్లో ఒకటి తప్పి, కిందిది పై కాజాలో పడింది. దాన్ని చూసి సరిచెయ్యబోయి పిచ్చుక చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అక్కా, చుక్కలు."

అక్క తల వెనక్కి వాల్చలేదు. కుర్చీలోంచి లేచి, గోడ మీద చెయ్యి ఆనించి, మిషను మూలను తొడతో తాకి పక్కకు తప్పుకుని, తలుపు దగ్గరికి వెళ్ళింది. తలుపు వెనక చేత్తో వెతికింది. మేకు దొరికింది. కర్ర దిగింది. పాలిథిన్ కవరును పళ్ళతో చింపి కింద పడేసింది. మడతలు ఒక్కొక్కటే విప్పుతుంటే, అవి ఒకదానిలోకి ఒకటి టక్కుమని బిగుసుకున్నాయి. ఎలా పట్టుకోవాలో తెలియక కర్రను రెండుసార్లు చేతిలో తిప్పుకుంది.

"ఎక్కడికక్కా? ఉండు, నేనూ వస్తాను."

గడియ తీసిన చప్పుడు. వరండా గాలి లోపలికి వచ్చి కింద పడ్డ కవరును కొంచెం కదిపింది. అక్క వెనక్కి తిరగలేదు, ఏమీ అనలేదు. కర్రతో మొదటి మెట్టు అంచు వెతికి, దొరికాక కాలు దించింది.

పిచ్చుక గుమ్మంలో నిలబడి వింటోంది. కర్ర మెట్టుకు తగలడం, తర్వాత కాలు. మళ్ళీ కర్ర, మళ్ళీ కాలు. మెట్ల మలుపు దగ్గర చప్పుడు ఆగిపోయింది. కర్ర కొన గోడనూ కటకటాలనూ తాకుతూ, మెట్టు లేని చోట మెట్టు కోసం వెతికింది. అక్కడ ఎడమకు తిరగాలి. ఇన్నాళ్ళూ ఆ మాట పిచ్చుక మోచెయ్యే చెప్పేది. ఇప్పుడు నోటితో చెబుదామని ఊపిరి తీసుకుని, అది కింది దాకా వినిపిస్తుందేమోనని బిగబట్టింది.

కాసేపటికి కర్ర మళ్ళీ మెట్టుకు తగిలింది. ఆ తర్వాత ఇంకా కిందికి. ఆ తర్వాత వీధి తలుపు తెరుచుకుంది. బళ్ళ మోత ఒక్కసారి పెద్దదై, తలుపు మూసుకోవడంతో చిన్నదైపోయింది.